ఎగుడుదిగుడు లేని పాటలు

బేబి మోకాలు మంచం పట్టెకు ఆనించి, ఫ్రాన్సిస్ నడుం కిందున్న దుప్పటిని రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపున తన వైపు లాగింది. దుప్పటితో పాటు మనిషి పక్కకు ఒరిగాడు. ఒరిగినవాడు వెనక్కి పడకుండా వీపుకి రెండు దిళ్ళు, మోకాళ్ళు ఒరుసుకోకుండా మధ్యలో ఒక దిండు పెట్టింది. తెల్లవారుజామున ఐదున్నరకి ఒకసారి, బస్సుకి వెళ్ళే ముందు ఒకసారి, మధ్యాహ్నం పక్కింటి అమ్మాయి ఆమని వచ్చి ఒకసారి, సాయంత్రం తను తిరిగొచ్చాక మళ్ళీ. నాలుగేళ్ళుగా అతను తనంతట తాను కదిపేది మెడ ఒక్కటే.

తోక ఎముక మీద పుండుకి కట్టు మార్చింది. నిన్న మార్చిన కట్టు అప్పుడే తడిసిపోయి ఉంది. వాసన నిన్నటి కంటే ఎక్కువగా ఉంది. మంచం కోడుకి వేలాడే సంచిలో మూత్రం చిక్కటి డికాషన్ రంగులో ఉంది. సంచి ఖాళీ చేసి, చేతులు కడుక్కుని వచ్చి అతని నుదుటి మీద చెయ్యి వేసింది. తీయలేదు.

"కాలిపోతున్నావయ్యా. ఇవ్వాళ మానేస్తా" అంది.

ఫ్రాన్సిస్ పెదవులు కదిపాడు. ఆసుపత్రిలో గొంతుకి రంధ్రం వేసి, మూడు నెలల తర్వాత మూసినప్పటి నుంచి అతనికి గొంతు లేదు. ఊపిరితో మాట్లాడతాడు. ఆ మాట ఫోనుకి అర్థం కాదు, ఆమనికి సగం అర్థమవుతుంది, బేబికి మొత్తం అర్థమవుతుంది.

"ఎన్ని పాటలు మిగిలినయ్?"

"నూట అరవై."

"వెళ్ళు. పూర్తి చేసుకు రా."

"జ్వరం చూడు ముందు."

"జ్వరానికి నువ్విక్కడ కూచుని చేసేదేంటి? బిళ్ళ వేసి పో."

బిళ్ళ నలిపి చెంచాలో నీళ్ళతో కలిపి పట్టింది. ఒక పక్కకు కారింది, తుడిచి మళ్ళీ పట్టింది. వెళ్ళేటప్పుడు అలవాటుగా తలవైపు గూట్లో ఉన్న స్పీకరు మీదికి చెయ్యి పోయింది.

"పెట్టకు" అన్నాడు ఫ్రాన్సిస్.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

*

జగ్గయ్యపేట బస్టాండులో ఎనిమిదింటి బస్సు. ఆధారు చూపించి జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కేదాకా సిమెంటు లారీల దుమ్ము. ఆమెకి నలభై ఎనిమిదేళ్ళు. నందిగామ గాంధీ సెంటర్లో జిరాక్స్, డీటీపీ షాపులో పంతొమ్మిదేళ్ళ నుంచి పని. పెళ్ళికార్డులు, దినం కార్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, భూమి కాగితాలు ఎన్ని టైపు చేసిందో లెక్క లేదు. అప్పుడు షాపు పెద్దాయనది, ఇప్పుడు ఆయన కొడుకు కిషోర్‌బాబుది.

ఫ్రాన్సిస్‌ది మైకు సెట్టు. పెళ్ళైన కొత్తలో నాలుగు హారన్ల మీదా ఎర్ర రంగుతో 'బేబి సౌండ్స్, జగ్గయ్యపేట' అని రాయించాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. చర్చి పండగలకీ, వేదాద్రి తిరునాళ్ళకీ, పెళ్ళిళ్ళకీ, ఎన్నికల మీటింగులకీ ఆ పేరు ఊరూరా తిరిగింది. ఫ్రాన్సిస్ సెట్టు పెడితే మైకు కీచుమనదని పేరు. యాంప్లిఫయరు పక్కన స్టూలేసుకుని కూర్చుంటే అతని కుడిచెయ్యి నాబ్ మీదే ఉండేది. పాత పాట వచ్చేసరికి కాస్త పైకి, కొత్త పాట వచ్చేసరికి కాస్త కిందికి. వినేవాళ్ళకి ఆ చెయ్యి ఉన్నట్టే తెలిసేది కాదు. పిల్లలు లేరా అని ఎవరైనా అడిగితే, "నాకు పద్నాలుగు వందల పాటలున్నయ్" అని నవ్వేవాడు. క్యాసెట్ల నుంచీ, సీడీల నుంచీ, ఎవరెవరి ఫోన్ల నుంచో ఇరవై ఏళ్ళు ఏరి పోగేసిన పాటలవి.

చెవిటికల్లులో ఒక పెళ్ళికి వేపచెట్టుకి హారన్ కడుతూ పడ్డాడు. కొమ్మ విరిగింది. అంత ఎత్తు కూడా కాదు. మెడ వెనక ఎముక చితికింది. సెట్టు అమ్మేశారు. మెమరీ కార్డులో పాటలు మిగిలాయి.

ఆ పాటలతోనే చిక్కు వచ్చింది. బేబి పొద్దున పెట్టి వెళితే సాయంత్రం దాకా స్పీకరు వరసగా పాడుతుంది. ఒక పాట గోడ అవతల ఎవరో గొణిగినట్టు ఉంటుంది, దాని తర్వాతది నెత్తి మీద తప్పెట కొట్టినట్టు ఉంటుంది. సౌండు తగ్గించి వెళితే పాత పాటలు అసలు వినపడవు. సాయంత్రం దాకా సగం పాటలకి పైకప్పు చూస్తూ పడుకోవాలి. పెంచి వెళితే కొత్త పాట వచ్చినప్పుడల్లా అతని ఒళ్ళు అదిరిపడుతుంది. మాట వినని ఆ కాళ్ళే అప్పుడు వాటంతట అవి తన్నుకుంటాయి. ఏ పాటలు పెద్దవో ఏరి తీసేద్దామంటే ప్రతిదీ ఒక్కో ఎత్తులో ఉంది.

పోయిన నెల ఒక పెళ్ళి బ్యాండు పాటకి కాళ్ళు అలాగే తన్నుకుని, నడుం మంచం అంచు దాకా జారిపోయి, మూత్రం పైపు ఊడివచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆమని తలుపు తీసేసరికి పరుపంతా రక్తం. స్పీకరు ఇంకా మోగుతూనే ఉంది. ఎన్ని గంటలు అలా ఉన్నాడో అతను చెప్పలేదు. ఆ రాత్రి మాత్రం, "అది నన్ను కొడతా ఉంది బేబీ" అన్నాడు. చెట్టు మీద నుంచి పడినప్పుడు కూడా ఆ మనిషి అలా మాట్లాడలేదు.

మర్నాటి నుంచి భోజనం వేళ షాపు కంప్యూటర్లో కూర్చుంది. పాటల సౌండు ఎత్తు కొలిచి అన్నిటినీ ఒకే అంకెకి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. పాటలన్నీ అందులో వేస్తే ఒక్కోదానికీ పక్కన అంకె పడుతుంది. ఎనభై ఒకటి, తొంభై ఏడు, డెబ్బై ఎనిమిది, నూరు. అన్నిటినీ ఎనభై తొమ్మిదికి తెమ్మంటే తెస్తుంది. మొదటి వంద పాటలు అలా తెచ్చి, అది చాలదని ఇంకో సాఫ్ట్‌వేర్‌తో పాట లోపలి హెచ్చుతగ్గులు కూడా నొక్కేసి, ఇంటికి పట్టుకెళ్ళి వినిపించింది. ఫ్రాన్సిస్ మూడు పాటలు విని కళ్ళు మూసుకున్నాడు.

"మొత్తానికి సున్నం కొట్టేసావు" అన్నాడు.

"అదేంటయ్యా, సమానంగా లేవా?"

"పాట లోపల గట్టిగా పాడే చోట గట్టిగానే ఉండాలే. మెల్లగా పాడేచోట మెల్లగానే ఉండాలి. దాన్ని ముట్టుకోకు. పాటకీ పాటకీ మధ్య ఎగుడుదిగుడు తియ్యి, చాలు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "తిరునాళ్ళలో రికార్డు చేసినవి ఉంటయ్. చప్పట్లుంటయ్ వాటిల్లో. అంకె చూసి మోసపోతావు. చెవితో విను."

అందుకే ఒక్కో పాటా చెవితో వినడం మొదలుపెట్టింది. మూడు వారాలుగా అదే పని.

*

షాపు తలుపు తీసి ఊడ్చి కంప్యూటరు ఆన్ చేసేసరికి కిషోర్‌బాబు వచ్చాడు.

"బేబక్కా, రెండింటికి కరెంటు తీస్తారంట. లైన్ పని. సాయంత్రం దాకా రాదు. ఆ పెళ్ళికార్డు పన్నెండింటికల్లా ప్రెస్సుకి పంపాలి."

"పంపుతానండీ."

కార్డు టైపు చేస్తూ ఒక చెవిలో హెడ్‌ఫోను పెట్టుకుంది. కుడిచెవిలో పాటలు, ఎడమ చెవిలో షాపు. భూమి పాసుపుస్తకం జిరాక్సుకి ఒకాయన, ఆధారులో పుట్టిన తేదీ సరిచేయించాలని ఒక అమ్మాయి. వాళ్ళ మధ్యలోనే పాటలు వింటోంది. నూట అరవై, నూట యాభై రెండు, నూట నలభై. పదకొండున్నరకి ఆమనికి ఫోన్ చేసింది.

"ఇప్పుడే చూసి వచ్చా పిన్నీ. జావ పట్టబోతే వద్దన్నాడు. ఒళ్ళు వేడిగానే ఉంది. వణుకు మాత్రం తగ్గింది."

"వణికాడా?"

"పొద్దున కాసేపు. దుప్పటి కప్పా."

ఫోను పెట్టేసి కార్డు ప్రింటు తీసి కిషోర్‌బాబు చేతికిచ్చింది. అతను చదివి తలెత్తాడు.

"ముహూర్తం రాత్రి పది ఇరవై కదా? పగలని కొట్టావేంటక్కా? పెళ్ళివాళ్ళు చూసుంటే షాపు మీదికొచ్చేవాళ్ళు."

ఆమె కాగితం తీసుకుని చూసింది. నిజమే. పంతొమ్మిదేళ్ళలో ముహూర్తం తప్పు కొట్టడం ఇదే మొదలు.

"ఆ చెవిలోది తీసెయ్. పని మీద ధ్యాస లేకుండా ఆ పాటలేంటి రోజూ? ఇంటికెళ్ళి వినుకో."

"ఈ ఒక్క పూట చేసుకోనివ్వండి కిషోర్‌బాబు గారూ. రేపట్నుంచి ముట్టుకోను."

"అంత ముంచుకొచ్చిందేంటి?"

ఆమె చెప్పింది. నిలబడే చెప్పింది. పైపు ఊడడం, పరుపంతా రక్తం, స్పీకరు మోగుతూనే ఉండడం. ఏడవలేదు. ఫ్లెక్సీ కొలతలు చెప్పినట్టే చెప్పింది. ఫ్రాన్సిస్ మంచాన ఉన్నాడని కిషోర్‌బాబుకి తెలుసు. ఆ మంచం మీద పగలు ఎలా గడుస్తుందో అతను ఎప్పుడూ అడగలేదు, ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"మనిషిని పెట్టుకోలేకపోయారా?" అన్నాడు. అన్నాక అతనికే ఆ ప్రశ్న నచ్చలేదు. "సరే. ఆ ముహూర్తం దిద్ది నాకివ్వు. కౌంటరు నేను చూసుకుంటా. నువ్వు కూచో."

రెండు చెవులకీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అన్నం క్యారేజీ విప్పలేదు. ఒంటిగంటకి అరవై మిగిలాయి. ఒకదాని తర్వాత ఒకటి, మొదలు కొంచెం, మధ్యలో కొంచెం, చివర కొంచెం. చప్పట్లున్న చోట అంకెని నమ్మకుండా తనే రెండు మెట్లు పెంచింది. పెంచితే గొంతు చిరిగే పాటని మళ్ళీ దించింది. ఆ పాటలన్నీ ఆమెకి పెద్దగా ఇష్టం లేనివే. మంచం మీది చెవితో వింటోంది కాబట్టి ఏదీ వదిలిపెట్టలేదు.

ఒంటిగంటన్నర దాటాక పేరు లేని ఫైలు ఒకటి వచ్చింది. పదకొండు సెకన్లది. పక్కన అంకె నూట ఒకటి. ఎర్రగా ఉంది. నొక్కింది.

"హలో... హలో. ఒకటి, రెండు, మూడు. చివర కూర్చున్నోళ్ళు చెప్పాలండీ, వినపడుతుందా?"

బేబి హెడ్‌ఫోన్లు రెండు చేతులతోనూ చెవులకి అదుముకుంది. నాలుగేళ్ళుగా ఊపిరిలోంచి ఏరుకుంటున్న మాట ఒక్కసారి నిండుగా తలలోకి వచ్చి పడింది. లావుపాటి గొంతు, 'వినపడుతుందా' అనే చోట కాస్త నవ్వు. వెనకాల ఎవరో "ఆఁ" అన్నారు. మళ్ళీ నొక్కింది. మూడోసారి నొక్కినప్పుడు తెలియక తీగ లాగేసినట్టుంది, షాపంతా మోగింది.

కిషోర్‌బాబు తిరిగి చూశాడు. "ఎవరక్కా అది?"

"మా ఆయనండీ."

"ఇంత గొంతా?" అన్నాడతను. అని, కౌంటరు మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

ఆ ఫైలుని అలాగే ఉంచాలా, దించాలా అని ఆమె చాలాసేపు ఆలోచించింది. నూట ఒకటిలో ఉంచితే అది కూడా అతన్ని కొడుతుంది. అతని గొంతే అతన్ని కొట్టడం ఆమె ఊహించలేకపోయింది. ఎనభై తొమ్మిదికి దించి, అన్నిటికన్నా చివర పెట్టింది.

రెండింటికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ బీప్‌బీప్‌మంటుంటే మిగిలిన పంతొమ్మిది పాటలు విని, మెమరీ కార్డుకి ఎక్కించింది. కార్డు బయటికి లాగిన నిమిషానికి తెర నల్లబడింది.

"చీకట్లో ఏం చేస్తావులే, వెళ్ళు" అన్నాడు కిషోర్‌బాబు. "జ్వరం ఎక్కువుంటే రేపు రాకు. చెప్పక్కర్లా."

*

ఇంటికొచ్చేసరికి నాలుగు. ఫ్రాన్సిస్ ముఖం చిన్నదైపోయి ఉంది. నుదురు కాలుతోంది, అరచేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. సంచి అడుగున వేలెడు కూడా లేదు.

"108కి చేస్తానయ్యా. విజయవాడ పోదాం."

తల అడ్డంగా ఊపాడు. "మళ్ళీ ఆ ఐసీయూ వద్దు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

అడిగింది గానీ ఆ మాట అతనికి కాదు. అతనికీ అది తెలుసు. ఆమె వీధి చివర ఉండే ఆర్ఎంపీ సుబ్బరాయుడుకి ఫోన్ చేసింది. ఊళ్ళో లేననీ, ఏడింటికల్లా వచ్చి చూసి సూది వేస్తాననీ, అప్పటికీ తగ్గకపోతే అతను వద్దన్నా 108 ఎక్కించేద్దామనీ ఆయన అన్నాడు.

తడిగుడ్డ వేసింది. పక్కకు తిప్పింది. కట్టు మార్చింది. మళ్ళీ వెల్లకిలా పడుకోబెట్టింది. చేయగలిగినవన్నీ అరగంటలో అయిపోయాయి. గోడకి ఆనుకుని కూర్చుంది. బయట లారీ వెళితే కిటికీ రెక్క దడదడలాడింది. పొద్దుట్నుంచీ అతను విన్నది ఇదే.

"తెచ్చావా?" అన్నాడు ఫ్రాన్సిస్.

కార్డు స్పీకరులో పెట్టింది. మొదటి పాట పాత భక్తిపాట, ఇన్నాళ్ళూ గోడ అవతల గొణిగినది. ఇప్పుడు గదిలోకి వచ్చింది. దాని వెనక కొత్తది వచ్చింది. బేబి చూపు అతని కాళ్ళ మీద ఉంది. కాళ్ళు కదల్లేదు. మూడోది. నాలుగోది.

ఫ్రాన్సిస్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఐదో పాట మధ్యలో కళ్ళు తెరిచాడు.

"చెవితోనే విన్నావు" అన్నాడు.

ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది. లేచి పొయ్యి మీద పాలు పెట్టి, మంచినీళ్ళు తాగొచ్చింది.

"నీ గొంతు ఒకటి దొరికింది. మైకు టెస్టింగు. పెట్టనా?"

"వద్దు." అని మళ్ళీ, "ఎంత ఉంది?" అన్నాడు.

"నూట ఒకటి."

అతని పెదవి ఒక పక్కకు లాగింది. నవ్వే. "తగ్గించావా?"

"తగ్గించా."

"మంచి పని చేసావు."

ఇంకో రెండు పాటలయ్యాక, "సుబ్బరాయుడు వస్తాడుగా. తల దువ్వు" అన్నాడు. ఎప్పుడూ అడగని మాట. ఆమె అద్దం దగ్గర్నుంచి తన దువ్వెన తెచ్చి, నీళ్ళు చిలకరించి, ఎడమవైపు పాపిడి తీసింది. చెమటకి అంటుకుపోయిన జుట్టు మెల్లగా విడిపోయింది. ఒకవైపు దువ్వడం అయ్యేసరికి వంటింట్లో పాలు పొంగిన చప్పుడైంది.

"ఉండు, వచ్చి ఇటువైపు దువ్వుతా" అని, దువ్వెన అతని గుండెల మీద పెట్టి పరిగెత్తింది.

పొయ్యి తుడిచి, పాలు దించి, ఎలాగూ వచ్చాను కదా అని జావకి నీళ్ళు పెట్టింది. పిండి కలుపుతుంటే పోయిన నెల అతన్ని మంచం అంచుకి తోసిన ఆ బ్యాండు పాట మొదలైంది. గరిటె ఆపి చెవులు రిక్కించింది. మంచం కిర్రుమంటుందేమో, నాలుక టక్‌మనిపించి పిలుస్తాడేమో అని. అతను పిలిచేది అలాగే. ఏమీ లేదు. సన్నాయి, డప్పు దేనికది తెలుస్తూ, ఎవరినీ అదరగొట్టకుండా పాట సాగిపోయింది. దాని తర్వాత మెల్లనిది వచ్చింది. అదీ వంటింటి దాకా వినపడింది.

కుదిరింది, అనుకుంది బేబి. రేపటి నుంచి పెట్టి వెళ్ళొచ్చు. పొద్దుట్నుంచి ఆమె మనసు మొదటిసారి కాస్త తేలికపడింది. జావ ఉడికేదాకా అక్కడే నిలబడి ఇంకో రెండు పాటలు విన్నది. అతను ఒక్కసారి కూడా పిలవలేదు.

గిన్నె పట్టుకుని గదిలోకి వచ్చింది. లైటు వేసింది. ఫ్రాన్సిస్ కళ్ళు సగం మూసి, తల స్పీకరు వైపు తిప్పుకుని ఉన్నాడు. నిద్ర పట్టిందనుకుంది. గిన్నె కింద పెట్టి, రెండోవైపు దువ్వుదామని చెయ్యి చాచి, చాచిన చెయ్యి అలాగే ఆపేసింది.

చెప్పినట్టే ఏడింటికి సుబ్బరాయుడు వచ్చాడు. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు, కనురెప్ప ఎత్తి చూశాడు. బ్యాగు తెరవలేదు. గోడ గడియారం వైపు చూసి, స్పీకరు వైపు చూశాడు.

"ఆపనామ్మా?"

బేబి మంచం పట్టె మీద కూర్చుని ఉంది. "ఈ పాట అవనివ్వండి" అంది.

ఆయన చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఫ్రాన్సిస్ జుట్టు ఒకవైపు నున్నగా, ఒకవైపు చెదిరి ఉంది. లేత నీలం ప్లాస్టిక్ దువ్వెన, పళ్ళ మధ్య మూడు నెరిసిన వెంట్రుకలతో, అతని గుండెల మీద ఆమె పెట్టినచోటే కదలకుండా ఉంది.